ముఖానికి ఫిల్లర్ వేయించుకోవాలనుకుంటున్నారా? సూది పడకముందు తెలుసుకోవాల్సినవి

ఫిల్లర్ కోసం, అంటే ముఖంలో మడతలు, పల్లాలు నింపే జెల్ సూది కోసం, ఏ క్లినిక్‌కి వెళ్లినా, ఎంతవుతుందని అడగడానికి ముందే ఒక మాట అడగండి: “మీ దగ్గర హైలురోనిడేజ్ ఉందా? ఇప్పుడు, ఇక్కడే ఉందా?” ఫిల్లర్ జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే దాన్ని కరిగించే మందు అది. ఉన్నవాళ్లు సీసా తీసి చూపిస్తారు, లేనివాళ్లు మాట దాటేస్తారు. నేను మొదటిసారి వెళ్లిన చోట నాతో మాట్లాడినావిడ “అలాంటి అవసరం మాకెప్పుడూ రాలేదండీ” అంది. అక్కడి నుంచి లేచి వచ్చేశాను. ఆ తర్వాత కొన్ని నెలలు చదివాను, ఇద్దరు చర్మ డాక్టర్ల దగ్గర కూర్చుని విసుగొచ్చేదాకా ప్రశ్నలు వేశాను, అప్పుడు గానీ వేయించుకోలేదు. అప్పటికి నాకు 46 ఏళ్లు.

వేయించుకోవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. వేయించుకుంటే మాత్రం ఫేషియల్‌కి వెళ్లినట్టు వెళ్లకండి. సూది దిగేది ముఖంలోని రక్తనాళాల పక్కన, వాటిలో కొన్నింటికి కంటితో నేరుగా సంబంధం ఉంది. ఇంట్లో సొంతంగా పొడుచుకునే ఆలోచన ఏమాత్రం ఉన్నా ఇప్పుడే మానుకోండి, ఈ పని డాక్టర్ చేయాల్సిందే.

మీ గీత ఏ రకమో ముందు చూసుకోండి

చాలామంది డబ్బు ఇక్కడే వృథా అవుతుంది. ముడతలన్నింటికీ ఫిల్లర్ మందు కాదు. పగటి వెలుతురులో, మేకప్ లేకుండా, అద్దం ముందు ముఖం వదులుగా పెట్టి కూర్చోండి. నవ్వొద్దు, కనుబొమలు ఎత్తొద్దు. ఆ స్థితిలో కనపడని గీత, కనుబొమలు ఎత్తగానే నుదుటి మీదో, కోపంగా చూడగానే కనుబొమల మధ్యో, నవ్వగానే కంటి చివరో ప్రత్యక్షమైతే, అది కండరం లాగడం వల్ల వచ్చిన గీత. దానికి వాడేది బొటాక్స్ లాంటి మందు, ఫిల్లర్ కాదు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. బొటాక్స్ కండరాన్ని కొన్నాళ్లు సడలిస్తుంది, మూడు నాలుగు నెలలకు దాని పని అయిపోతుంది. ఫిల్లర్ మాత్రం పల్లం పడిన చోటును లోపలి నుంచి నింపుతుంది.

ముఖం కదలకుండా ఉన్నా కనపడుతూనే ఉండే మడత, అంటే ముక్కు పక్క నుంచి నోటి మూల దాకా దిగే నవ్వు గీత, నోటి మూలల నుంచి గడ్డం వైపు జారే గీత, లోపలికి పోయిన బుగ్గలు, పలచబడిన పెదవులు, ఇవి ఫిల్లర్‌కి లొంగే రకం. నలిపి విప్పిన కాగితంలా చర్మం పైపైన సన్నని గీతలు పడి ఉంటే ఫిల్లర్ పెద్దగా చేసేదేం లేదు, అక్కడ సన్‌స్క్రీన్, ట్రెటినాయిన్ క్రీమ్, లేజర్ లాంటివి పనికొస్తాయి. ఇక వెల్లకిలా పడుకుని చేతిలో అద్దం పెట్టుకుని చూడండి. కూర్చున్నప్పుడు లోతుగా కనిపించిన మడత పడుకోగానే దాదాపు మాయమైతే, అసలు సంగతి చర్మం, దాని కింద కొవ్వు కిందికి జారడం. కొంచెం జారితే ఫిల్లర్ సర్దగలదు. బాగా జారినదాన్ని ఫిల్లర్‌తో పైకెత్తాలని చూస్తే ముఖం ఉబ్బి బరువుగా కనిపిస్తుంది తప్ప వయసు తగ్గదు. అలాంటప్పుడు “మీకు ఇది సరిపడదు” అని చెప్పే డాక్టర్ దొరికితే ఆ మాటకు విలువివ్వండి.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. వయసుతోపాటు చర్మంలో కొల్లాజెన్ (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్) తగ్గడం ఒక్కటే జరగదు. లోపల బుగ్గల్లోని కొవ్వు తిత్తులు పలచబడతాయి, కంటి గుంట చుట్టూ, పై దవడ దగ్గర ఎముక కూడా కొంత అరిగి వెనక్కి పోతుంది. కింద ఆసరా తగ్గేసరికి బుగ్గ కిందికి దిగి, ముక్కు పక్కన మడతగా పోగవుతుంది. అందుకే మీరు నవ్వు గీత చూపించి “ఇది నింపండి” అన్నప్పుడు మంచి డాక్టర్ చాలాసార్లు ఆ గీతను వదిలేసి బుగ్గ ఎముక వైపు చూస్తారు. పైన కాస్త ఆసరా ఇస్తే కింద మడత దానంతటదే తేలికవుతుంది. నేను గీతలోనే వేయమని పట్టుబట్టాను, మా డాక్టరమ్మ ఓపికగా వేలితో బుగ్గను కొద్దిగా పైకి నొక్కి అద్దంలో చూపించారు, గీత సగం పోయింది. ఆ పరీక్ష మీరూ ఇంట్లో చేసుకోవచ్చు.

సిరంజిలో ఏముంటుంది

ఎక్కువగా వాడేది హైలురానిక్ యాసిడ్ జెల్. ఇది మన చర్మంలో, కీళ్లలో, కంటిలో సహజంగా ఉండేదే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రవేత్తలు ఆవు కంటిలోని జెల్లీ లాంటి పదార్థం నుంచి దీన్ని మొదట వేరు చేశారు. ఇప్పుడు ఫిల్లర్ల కోసం బ్యాక్టీరియాను పులియబెట్టి తయారు చేస్తున్నారు. ఉన్నదున్నట్టు ఎక్కిస్తే శరీరం దాన్ని ఒకట్రెండు రోజుల్లోనే కరిగించేస్తుంది, అందుకని దాని పోగులను రసాయనంతో ఒకదానికొకటి ముడివేస్తారు. ఆ ముళ్ల వల్లే అది నెలల తరబడి నిలుస్తుంది. ముళ్లు ఎలా, ఎన్ని వేశారన్నదాన్ని బట్టి జెల్ గట్టిగానో మెత్తగానో వస్తుంది. గట్టిది బుగ్గ ఎముక మీదికి, దవడ గీతకు. మెత్తనిది పెదవులకు, సన్నని గీతలకు. కాబట్టి ఒకే కంపెనీలో అన్ని రకాలు ఎందుకున్నాయని ఆశ్చర్యపోకండి, “ఏ బ్రాండ్” అని అడగడం కంటే “ఈ చోటికి ఈ జెల్ ఎందుకు” అని అడగడం మేలు. ఈ రకం జెల్‌లలో రెస్టిలేన్ అనే బ్రాండ్‌కి అమెరికాలో 2003లో, జువెడెర్మ్‌కి 2006లో అనుమతి వచ్చింది, అంటే వీటి మంచీ చెడూ డాక్టర్లు ఇరవై ఏళ్లుగా చూస్తూ వస్తున్నారు.

ఈ రకానికి ఉన్న అతి పెద్ద సుగుణం, నచ్చకపోయినా తేడా వచ్చినా హైలురోనిడేజ్‌తో కరిగించేయొచ్చు. వేరే పదార్థాలతో చేసిన ఫిల్లర్లూ ఉన్నాయి. రేడియెస్ అనేది ఎముకల్లో, పళ్లల్లో ఉండే ఖనిజానికి దగ్గరి పదార్థం, గట్టిగా ఆసరా ఇస్తుంది, ఏడాది పైన ఉంటుంది. స్కల్‌ప్ట్రా వేయగానే నింపదు, కరిగిపోయే కుట్ల దారాల జాతి పదార్థం అది, కొన్ని వారాలు, నెలల మీద మీ చర్మం చేతే కొల్లాజెన్ పుట్టిస్తుంది, రెండు మూడు విడతలు పడుతుంది, ఫలితం రెండేళ్లు దాటి కూడా ఉండొచ్చు. రెండూ మంచివే, కానీ వాటిని కరిగించే మందు లేదు. బెల్లాఫిల్‌లో ఉండే సూక్ష్మమైన ప్లాస్టిక్ గుళికలు అసలు పోవు, శాశ్వతం. ముఖం మాత్రం శాశ్వతంగా ఒకేలా ఉండదు కదా, పదేళ్లలో చుట్టుపక్కల కండ తగ్గితే ఆ నింపిన చోటు ఎత్తుగా తేలొచ్చు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మొదటిసారి అయితే హైలురానిక్ యాసిడ్ తప్ప ఇంకేదీ వద్దు. వెనక్కి వచ్చే దారి ఉన్నదాన్నే ఎంచుకోండి.

ముడతలు నింపడానికి ద్రవ సిలికోన్ ఎక్కిస్తామని ఎవరన్నా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ముఖం సరిదిద్దడానికి ఎక్కించే మందుగా ఏనాడూ అనుమతించలేదు. అది ఏళ్ల తర్వాత గడ్డలు కడుతుంది, జరుగుతుంది, తీయాలంటే కోయాల్సిందే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వియన్నాలో గెర్సునీ అనే సర్జన్ పారాఫిన్ మైనం ఎక్కించడం మొదలుపెట్టినప్పుడు కూడా జనం సంబరపడ్డారు, కొన్నాళ్లకు ఆ మైనం గట్టి గడ్డలుగా మారి ఎందరి ముఖాలనో పాడుచేసింది.

ఎవరి చేత వేయించుకోవాలి

చర్మ డాక్టరో, ప్లాస్టిక్ సర్జనో, ముఖం లోపలి నిర్మాణం క్షుణ్ణంగా తెలిసి ఈ పనిలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరో అయి ఉండాలి. బోర్డు మీద రాసిన పేరు చూసి ఆగిపోకుండా సూది పట్టుకునేది ఎవరో అడగండి. సలహా ఇచ్చేది డాక్టర్, పొడిచేది వేరొకరు కావడం మామూలే. మీ వయసు వాళ్ల, మీలాంటి గీతల ఫోటోలు, వాళ్లు సొంతంగా చేసినవి, ముందూ తర్వాతా ఒకే వెలుతురులో తీసినవి చూపించమనండి. ముందు ఫోటో చీకట్లో, తర్వాతిది మేకప్‌తో నవ్వుతూ ఉంటే అది పనికిరాదు.

తర్వాత ఈ ప్రశ్న వేయండి: “జెల్ రక్తనాళంలోకి వెళ్లిందనుకోండి, మీరేం చేస్తారు?” ఇది అడగడానికి మొహమాటం వద్దు. మంచి డాక్టర్‌కి ఈ ప్రశ్న ఇష్టమే. వరసగా ఏం చేస్తారో చెప్తారు, హైలురోనిడేజ్ ఎంత నిల్వ ఉందో చెప్తారు, ఏ కంటి ఆసుపత్రికి పంపుతారో కూడా చెప్తారు. రాత్రి పదకొండింటికి తేడా కనిపిస్తే ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో అడిగి రాసుకోండి. రిసెప్షన్ నంబర్ ఇస్తే సరిపోదు, రాత్రి ఎత్తేవాళ్ల నంబర్ కావాలి.

ఎవరి ఇంట్లోనో నలుగురు చేరి వేయించుకోవడం, బ్యూటీ పార్లర్‌లో వెనక గదిలో వేయించుకోవడం, ఆన్‌లైన్‌లో సిరంజి కొని తీసుకెళ్లడం, ఇవేవీ వద్దు. సూది లేకుండా ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి తోసే పెన్నులు అమ్ముతుంటారు, “సూది లేదు కాబట్టి భయం లేదు” అంటారు. అది నిజం కాదు. ఎంత లోతుకు, ఎటువైపు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. 2021 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ వీటిని వాడొద్దని జనాన్నీ డాక్టర్లనూ హెచ్చరించింది, చర్మానికీ పెదవులకూ కళ్లకూ శాశ్వతమైన హాని జరగవచ్చని చెప్పింది.

ముందు రెండు మూడు వారాలు

రక్తం పలచబరిచేవి ఏమేం వాడుతున్నారో అన్నీ డాక్టర్‌కి చెప్పండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, చేప నూనె గోళీలు, విటమిన్ ఇ, ఇవన్నీ సూది పడ్డ చోట నల్లగా కమలడాన్ని పెంచుతాయి. నొప్పి మాత్రలు, గోళీల లాంటివి డాక్టర్‌ని అడిగి వారం పది రోజుల ముందు ఆపొచ్చు. గుండెకో, పక్షవాతం రాకుండానో డాక్టర్ రాసిచ్చిన మందును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మీ అంతట మీరు ఆపొద్దు. ముఖం కమిలితే పది రోజుల్లో పోతుంది, ఆ మందు ఆపి తెచ్చుకునే ప్రమాదం అలా పోయేది కాదు.

పెదవుల మీద జ్వరం పొక్కులు ఎప్పుడైనా వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి, సూది పోట్లకు అవి మళ్లీ లేచే అవకాశం ఉంది, ముందు జాగ్రత్తగా మాత్రలు ఇస్తారు. పళ్ల క్లీనింగ్, రూట్ కెనాల్ లాంటివి ఉంటే ఫిల్లర్‌కు ముందూ వెనకా రెండేసి వారాలు ఎడం పెట్టండి, ఎందుకంటే పంటి పనిలో రక్తంలోకి చేరిన బ్యాక్టీరియా కొత్త జెల్ దగ్గర స్థిరపడే ప్రమాదం ఉంది. టీకాకు కూడా అంతే ఎడం పెట్టుకుంటే మంచిది. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ఇప్పుడు వద్దు. ముఖం మీద చీము మొటిమ గానీ, దద్దుర్లు గానీ ఉంటే అవి తగ్గాకే. ఆటోఇమ్యూన్ జబ్బులు (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడేవి) ఉన్నవాళ్లు, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే చర్మం ఉన్నవాళ్లు, లిడోకైన్ అనే మత్తుమందు పడనివాళ్లు, గతంలో ఏదో ఒక ఫిల్లర్ వేయించుకున్నవాళ్లు ఆ సంగతి దాచకుండా చెప్పాలి. తేనెటీగ కుట్టి ఒళ్లంతా వాచిపోయిన అనుభవం ఉంటే అది కూడా. తేనెటీగ విషంలోనూ హైలురోనిడేజ్ ఉంటుంది, అవసరమైతే కరిగించే మందు మీకు పడుతుందో లేదో డాక్టర్ ముందే ఆలోచించుకోవాలి.

పెళ్లో, పెద్ద ఫంక్షనో ఉందని దాని ముందు వారం వేయించుకోకండి. రెండు వారాలు కనీసం, నన్నడిగితే నెల.

ఆ రోజు

ముఖం శుభ్రంగా కడుక్కుని, మేకప్ లేకుండా, ఏదన్నా తిని వెళ్లండి. ఫోటోలు తీస్తారు, మీ ఫోన్‌లో కూడా అదే వెలుతురులో ఎదురుగా, రెండు పక్కల నుంచి తీసుకోండి. ఇవి తర్వాత చాలా ఉపయోగపడతాయి, ఎందుకో చివర్లో చెప్తాను. మిమ్మల్ని కూర్చోబెట్టే గుర్తులు పెట్టాలి, పడుకోబెడితే బుగ్గ జరిగిపోయి లెక్క తప్పుతుంది.

సీలు ఉన్న డబ్బా మీ కళ్ల ముందే తెరవమనండి. పేరు, గడువు తేదీ, లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పే నంబర్) చూసుకోండి. లోపల స్టిక్కర్లు ఉంటాయి, ఒకటి మీ ఫైల్‌కి, ఒకటి మీకు. అప్పటికే సగం వాడిన సిరంజి, పేరు లేని సిరంజి, వేరే వాళ్లకు మిగిలింది అంటూ తెచ్చేది, ఏదైనా సరే కుర్చీలోంచి లేచేయండి.

నొప్పి తెలియకుండా క్రీమ్ రాసి అరగంట ఉంచుతారు, చాలా జెల్‌లలో లిడోకైన్ కలిపే ఉంటుంది. నాకు బుగ్గల్లో ఒత్తిడి తప్ప పెద్ద నొప్పి తెలియలేదు. పెదవులకు మాత్రం బాగానే తెలుస్తుందని వేయించుకున్నవాళ్లు చెప్తారు. మామూలు సూది వాడొచ్చు, మొన మొద్దుగా ఉండే క్యాన్యులా వాడొచ్చు. క్యాన్యులా రక్తనాళాన్ని చీల్చుకుని లోపలికి దూరే అవకాశం తక్కువ, కమలడం కూడా తక్కువ, కానీ ప్రమాదం సున్నా అని మాత్రం కాదు. చేయి తిరిగిన డాక్టర్ ఎలా వేస్తారంటే నెమ్మదిగా, కొంచెం కొంచెంగా, మధ్యలో ఆగి చర్మం రంగు చూస్తూ, వేలితో నొక్కి వదిలి రంగు వెంటనే తిరిగి వస్తోందా అని గమనిస్తూ. హడావిడిగా ఒక్క ఊపులో సిరంజి ఖాళీ చేసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ఒక సిరంజిలో ఉండేది సాధారణంగా 1 మిల్లీలీటర్. అంటే టీస్పూన్‌లో ఐదో వంతు. రెండు బుగ్గలకు అది పంచితే ఎంత వస్తుందో ఊహించుకోండి. కాబట్టి ఒక్క సిరంజికే ముఖం మారిపోతుందని ఆశపడకండి, అలాగని ఒకే రోజు నాలుగైదు వేయించుకోవడానికీ ఒప్పుకోకండి. తక్కువ వేయించుకుని, మూడు నాలుగు వారాలు ఆగి, వాపు పూర్తిగా తీశాక చూసుకుని, అప్పుడు కావాలంటే ఇంకాస్త. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే సగం తప్పులు జరగవు.

ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వచ్చినా, చూపు మసకబారినా పళ్లు బిగించి ఓర్చుకోవద్దు, ఆ క్షణమే “ఆపండి” అనండి.

ఇది మాత్రం రెండుసార్లు చదవండి

జెల్ రక్తనాళంలోకి వెళ్తే లేదా పక్కనుంచి దాన్ని నొక్కేస్తే ఆ నాళం రక్తం అందించే చర్మం చచ్చిపోవడం మొదలవుతుంది. ఇంకా అరుదుగా, సూది ఒత్తిడికి జెల్ రక్తప్రవాహానికి ఎదురు తోసుకుపోయి కంటికి రక్తం ఇచ్చే నాళం దాకా చేరి, అక్కడి నుంచి ముందుకు కొట్టుకుపోయి కంటి తెరకు రక్తం ఆపేస్తుంది. చూపు పోతుంది, చాలామందికి తిరిగి రాదు. కనుబొమల మధ్య, ముక్కు, నుదురు, నవ్వు గీత పై భాగం, ఈ చోట్లలో ఈ ప్రమాదం ఎక్కువ. చాలా అరుదే, అయినా అది మీకే జరిగితే అరుదు అన్న మాట అక్కరకు రాదు, తెలివిడి అక్కరకొస్తుంది.

లక్షణాలు ఎలా ఉంటాయంటే, వేస్తుండగానే చర్మం ఒక్కసారి తెల్లగా పాలిపోవచ్చు. తర్వాత వల పరిచినట్టు ఊదారంగు చారలు కనిపించవచ్చు. ఆ చోటు చల్లగా ఉండొచ్చు, వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి ఆలస్యం కావచ్చు. నొప్పి గంట గంటకూ తగ్గకుండా పెరగవచ్చు, కానీ మత్తు ఉన్నంతసేపు నొప్పి తెలియకపోవచ్చు కూడా, అందుకే నొప్పి లేదని నిశ్చింతగా ఉండకుండా రంగు చూసుకోండి. పట్టించుకోకపోతే రెండు మూడు రోజులకు చిన్న చిన్న చీము పొక్కులు, ఆ తర్వాత పుండు. మామూలుగా కమలడానికీ దీనికీ తేడా తెలియక చాలామంది తెల్లారేదాకా ఆగుతారు. కమిలిన మచ్చ సూది దిగిన చోటే ఉంటుంది, నొక్కినా రంగు పెద్దగా మారదు, నొప్పి రోజురోజుకీ తగ్గుతుంది. రక్తనాళం మూసుకుంటే మాత్రం వేసిన చోటు ఒకటి, రంగు మారే చోటు ఇంకొకటి కావొచ్చు: నవ్వు గీతలో వేస్తే ముక్కు కొస, పై పెదవి పాలిపోవచ్చు.

ఇలా కనిపిస్తే రాత్రయినా సరే డాక్టర్‌కి ఫోన్ చేసి, ఫోటో పంపించి, వెంటనే వెళ్లండి. ఎక్కువ మోతాదులో హైలురోనిడేజ్ మళ్లీ మళ్లీ ఇస్తారు, ఎంత త్వరగా ఇస్తే అంత చర్మం దక్కుతుంది. ఆ చోట ఐస్ పెట్టొద్దు, ఐస్ రక్తనాళాలను ఇంకా బిగిస్తుంది. చూపు మసకబారినా, పోయినా, ఒకటి రెండుగా కనిపించినా, రెప్ప వాలిపోయినా, కంట్లో తీవ్రంగా నొప్పి వచ్చినా, మాట తడబడినా, చేయి కాలు బలహీనపడినా నేరుగా ఎమర్జెన్సీకి. అక్కడికి వెళ్లగానే “ముఖంలో ఫిల్లర్ వేయించుకున్నాను” అని మొదటి మాటగా చెప్పండి. కంటి విషయంలో లెక్క నిమిషాల్లో ఉంటుంది.

వేయించుకున్నాక

వాపు, ఎరుపు, కమలడం, ముట్టుకుంటే నొప్పి, ఇవి మామూలే. వాపు మొదటి రెండు రోజులే ఎక్కువ, పెదవులకైతే మర్నాడు అద్దంలో చూసుకుని టెన్షన్ పడిపోతారు, మెల్లగా దిగుతుంది. కమిలిన మచ్చలు వారం నుంచి రెండు వారాలు. పైన చెప్పిన లక్షణాలేవీ లేకపోతే మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐస్ కొద్దికొద్దిసేపు పెట్టుకోవచ్చు. ఒకట్రెండు రోజులు గట్టి వ్యాయామం, ఆవిరి స్నానం, మద్యం వద్దు. మేకప్ మర్నాటి దాకా ఆపండి. తల కింద ఇంకో దిండు వేసుకుని వెల్లకిలా పడుకోండి. ఫేషియల్, ముఖం మసాజ్ రెండు వారాలు వాయిదా. వేలికి చిన్న ఉండ తగులుతోందని అదేపనిగా నొక్కొద్దు, చాలావరకు అది వాపుతోపాటే సర్దుకుంటుంది, రుద్దాలో వద్దో డాక్టర్ చెప్పాలి. స్కల్‌ప్ట్రా అయితే వేరు, రోజుకు ఐదుసార్లు, ఐదేసి నిమిషాలు, ఐదు రోజులు మసాజ్ చేసుకోమని చెప్తారు.

రెండు వారాలు కాకుండా బాగుందనీ బాగాలేదనీ ఏ తీర్పూ ఇవ్వకండి.

వారాలు, నెలల తర్వాత ఆ చోట గట్టిగా, ఎర్రగా, వేడిగా గడ్డ లేస్తే అది ఇన్ఫెక్షన్ కావొచ్చు, రుద్దకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. జలుబు, జ్వరం వచ్చినప్పుడో, టీకా వేయించుకున్నప్పుడో పాత ఫిల్లర్ ఉన్న చోటు వాచడం కూడా ఉంది, ఎక్కువగా అది తగ్గిపోతుంది గానీ చూపించుకోవాలి. కంటి కింద చర్మం చాలా పలచన, అక్కడ జెల్ పైపైన పడితే నీలంగా మెరుస్తుంది, దాన్ని క్రీములు పోగొట్టలేవు, కరిగించాల్సిందే. అసలు కంటి కింద గుంట అనుభవం తక్కువ ఉన్న చేతులకు అప్పగించకూడని చోటు.

మళ్లీ ఎప్పుడు

హైలురానిక్ యాసిడ్ జెల్ ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుందని చెప్తారు. పెదవులు ఎప్పుడూ కదులుతుంటాయి కాబట్టి అక్కడ త్వరగా తగ్గుతుంది, బుగ్గ ఎముక మీద ఎక్కువ కాలం ఉంటుంది. అయితే ఎంఆర్ఐ స్కాన్‌లు తీసి చూసినప్పుడు కొందరి ముఖాల్లో ఏళ్ల తర్వాత కూడా జెల్ మిగిలే ఉన్నట్టు డాక్టర్లు గమనించారు. ఇది తెలిశాక నేను క్యాలెండర్ చూసి వెళ్లడం మానేశాను. పది నెలలయింది కదా అని పాతది ఉండగానే పైన కొత్తది వేయించుకుంటూ పోతే, మూడు నాలుగేళ్లలో బుగ్గలు ఉబ్బి, కళ్లు చిన్నవై, ముఖం దిండులా తయారవుతుంది. రోజూ చూసుకునే కంటికి ఆ మార్పు తెలియదు, అదే అసలు చిక్కు. మొదటి రోజు తీసుకున్న ఫోటోలు దాచుకోమన్నది ఇందుకే. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు అవి తీసి పక్కన పెట్టుకుని చూడండి. గీత నిజంగా పాత లోతుకు వచ్చిందా, లేక నింపిన ముఖానికి కన్ను అలవాటుపడి ఇంకా కావాలనిపిస్తోందా?

మానేస్తే ముఖం ఇంకా వేలాడిపోతుందన్న భయం చాలామందికి ఉంది. మితంగా వేయించుకున్నవాళ్లకు అలా జరగదు, జెల్ తగ్గేకొద్దీ మీ వయసుకు ఎలా ఉండాలో అలాగే వస్తుంది. అసలు నచ్చకపోతే కరిగించమని అడగండి, ఒకట్రెండు రోజుల్లోనే చాలావరకు తగ్గిపోతుంది, కొందరికి ఇంకో విడత కావాలి.

ఇప్పుడు ఆ స్టిక్కర్ సంగతి. లాట్ నంబర్, వేసిన తేదీ, ఎక్కడెక్కడ ఎంత వేశారన్నది ఒక కాగితం మీద రాసి మీ మెడికల్ ఫైల్‌లో పెట్టండి, ఫోటో తీసి ఫోన్‌లోనూ ఉంచండి. ఐదేళ్ల తర్వాత ముఖంలో ఏదన్నా గడ్డ తగిలితే అది ఏమిటో తేల్చడానికి మొదట అడిగేది ఇదే. పంటి డాక్టర్‌కి, ముఖానికి స్కాన్ తీసేవాళ్లకు కూడా చెప్పండి. రేడియెస్ లాంటివి ఎక్స్‌రేలో, సీటీ స్కాన్‌లో తెల్లగా కనిపిస్తాయి, సంగతి తెలియని వాళ్లు అదేదో జబ్బనుకుని మిమ్మల్ని లేనిపోని పరీక్షల చుట్టూ తిప్పే అవకాశం ఉంది.